దాతలు తెలుసుకోవలసిన కట్టుబడి మాటలు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ సంవత్సరం మన సొసైటీ విద్యార్థుల హాస్టల్ భవనానికి చందాలు సేకరించాలని తీర్మానం చేసింది. ఈ సందర్భంగా దాతలకు కట్టడాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. సైటు మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి నేను. ఉపన్యాసాలు చెప్పడం నాకు పెద్దగా రాదు. వారు "నాలుగు మాటలు" అన్నారు గనుక నిజంగా మాటల గురించే చెబుతాను. పునాది నుంచి పిట్టగోడ దాకా మేస్త్రి, ఇంజనీరు, కాంట్రాక్టరు వాడే మాటల్లో దాతకు అవసరమైనవి కొన్ని ఉన్నాయి. వాటి అర్థం ఏమిటి, అర్థం తెలియకపోతే ఎవరికి నష్టం అన్నది ఈరోజు విషయం.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, మీరు ఇచ్చే డబ్బు కమిటీ చేతిలో అమానతు. రోజు కూలి మిగుల్చుకుని ఇచ్చిన వంద రూపాయలైనా, వ్యాపారంలో మిగిలి ఇచ్చిన లక్ష రూపాయలైనా అమానతే. ఆ అమానతు ఇటుకగా, ఇనుముగా, సిమెంటుగా మారుతుంది. మారిన తరువాత అది సరిగ్గా మారిందా లేదా అని చూడాలంటే ఆ పని మాటలు తెలియాలి. తెలియకపోతే రెండు నష్టాలు. ఒకటి, చెడ్డ పని మంచి పనిగా చెలామణి అవుతుంది. రెండోది అంతకంటే పెద్దది. మంచి పని చేసిన కమిటీ మీద కూడా అనుమానం పుడుతుంది. నా సర్వీసులో నేను చూసిన తగాదాలలో చాలావాటికి కారణం దొంగతనం కాదు, ఒకే మాటను ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకోవడం.

సగం మాటలు మనకు తెలిసినవే

ముందుగా ఒక ధైర్యం చెబుతాను. ఈ మాటలు చదువుకున్నవారి సొత్తు కాదు. మనం ఇంట్లో "బునియాద్" అంటాం, బయట "పునాది" అంటాం. రెండూ ఒక్కటే మాట. ఫారసీ నుంచి వచ్చి తెలుగులో ఇంటి మాట అయిపోయింది. దర్వాజా, కమాను కూడా ఫారసీవే. కోట బురుజు, పాత ఇంటికి చేసే మరమ్మతు అరబీ నుంచి వచ్చాయి. గుమ్మటం అన్నది మన గుంబద్. మేస్త్రి అనే మాటను పోర్చుగీసువారు తెచ్చారు. స్లాబు, బీము, పిల్లరు ఇంగ్లీషువారివి. గడప, దూలం, వాసం, పిట్టగోడ అచ్చంగా మన ఊరివి. ఇన్ని చోట్ల నుంచి వచ్చిన మాటలు ఒకే గోడలో కలిసి ఉన్నాయి. కట్టడం పనిలో మొదటి నుంచీ అందరి చేయీ ఉంది.

ఇక కట్టడానికి కావలసిన సరుకులో మన పల్నాడుది పెద్ద చెయ్యి. అమరావతి స్తూపం మీద చెక్కిన శిల్పాల రాయి పల్నాటి సున్నపురాయి. దాన్ని "పల్నాడు పాలరాయి" అని పాత గ్రంథాలు పిలిచాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు ఆ రాయి మీదనే నడుస్తున్నాయి. మన ఇళ్లలో పరిచిన నాపరాయి కూడా ఆ వర్గానిదే. మాచర్ల దగ్గర కృష్ణ మీద 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి కట్టుబడి ఆనకట్ట. రాతి ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటిగా దానికి పేరు. దాన్ని కట్టినవారిలో ఎక్కువమంది పలుగు, తమ్మి, తాపీ పట్టిన కూలీలు, మేస్త్రిలు. అంత పని చేసిన నేల మీద పుట్టినవాళ్లం, ఒక హాస్టల్ ఎస్టిమేటు చదవడానికి వెనకాడనవసరం లేదు.

కొలత మాటలు

మన దగ్గర స్థలాన్ని సెంట్లలో చెబుతారు, గజాలలో అమ్ముతారు, భవనాన్ని చదరపు అడుగుల్లో కడతారు. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. ఒక చదరపు గజానికి 9 చదరపు అడుగులు. ఈ మూడు లెక్కలు గుర్తుంటే స్థలం విషయంలో ఎవరూ మిమ్మల్ని తికమకపెట్టలేరు.

కూలి మాట్లాడేటప్పుడు మేస్త్రిలు "చదరానికి ఇంత" అంటారు. చదరం అంటే ఒక చదరపు అడుగు కాదు, 100 చదరపు అడుగులు. ఇసుక, కంకర "యూనిట్" లెక్కన వస్తాయి. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. లారీ వచ్చినప్పుడు లోపలి పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు టేపుతో కొలిచి గుణించండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే 150 ఘనపుటడుగులు, అంటే యూనిటున్నర. రెండు యూనిట్లని చీటీ రాసి ఉంటే అక్కడే అడగాలి. సరుకు దించిన తరువాత ఇసుక కుప్పను కొలవడం ఎవరి వల్లా కాదు.

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేవి రెండు మాటలు, ప్లింత్ ఏరియా, కార్పెట్ ఏరియా. కార్పెట్ ఏరియా అంటే లోపల మనం తివాచీ పరుచుకోగలిగిన చోటు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం బయటి గోడల మందం, బాల్కనీ, వరండా దీనిలోకి రావు. లోపలి అడ్డగోడలు వస్తాయి. ప్లింత్ ఏరియా అంటే గోడల మందంతో సహా కట్టిన మొత్తం చోటు. కాంట్రాక్టరు రేటు సాధారణంగా దీని మీదే ఉంటుంది.

మన జిల్లాలోనే ఒక ఊళ్లో, ఊరి పేరు అవసరం లేదు, షాదీఖానా హాలు ఒకటి కట్టారు. లోపలి కొలత 40 అడుగులు, 25 అడుగులు. వెయ్యి చదరపు అడుగులు అని జమాతులో అందరికీ తెలుసు. చదరపు అడుగుకు రెండు వేలు అనుకుందాం. ఇరవై లక్షలు కావాలి. బిల్లు మాత్రం 28 లక్షల 64 వేలకు వచ్చింది. కమిటీ పెద్ద ఎనిమిదిన్నర లక్షలు తిన్నాడని ఊళ్లో పుకారు పుట్టింది. ఆయన మంచి మనిషి, మనసు విరిగి పదవి వదిలేశాడు. రెండేళ్లు ఆ జమాతులో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

చివరికి టేపు పెట్టి కొలిస్తే ఏం తేలింది? చుట్టూ తొమ్మిది అంగుళాల గోడలు. బయటి కొలత నలభై ఒకటిన్నర అడుగులు, ఇరవై ఆరున్నర అడుగులు. అంటే 1,100 చదరపు అడుగులు. ముందు ఎనిమిది అడుగుల వరండా మరో 332. మొత్తం 1,432. ఒప్పందంలో "ప్లింత్ ఏరియాకు" అని రాసుకున్నారు. దాతలు కార్పెట్ ఏరియాకు లెక్క వేసుకున్నారు. ఒక్క పైసా ఎక్కడికీ పోలేదు. పోయింది ఆ పెద్దమనిషి పరువు, ఆ జమాతు ఐకమత్యం.

అందుకని ఒప్పందంలో ఏ ఏరియాకు రేటు అన్నది తెలుగులో రాసుకోండి. వరండా పూర్తిగా లెక్కించాలా, సగం లెక్కించాలా, మెట్లు, సన్‌షేడ్ లెక్కలోకి వస్తాయా రావా అన్నది కూడా అక్కడే రాసుకోండి.

నేల కింద మాటలు

మేస్త్రి ముగ్గు పోస్తాడు. ఇంజనీరు దాన్ని మార్కింగ్ అంటాడు. గోడలు, పిల్లర్లు ఎక్కడ వస్తాయో నేల మీద గీసి చూపడం అది. దాతలు ఒక్కసారైనా వచ్చి చూడవలసింది ఆ రోజే. గీత మార్చడానికి చారెడు ముగ్గు చాలు, గోడ మార్చడానికి లక్షలు కావాలి. హాస్టల్లో నమాజు గది ఉంటుంది కాబట్టి ఇంకొక మాట. మన నరసరావుపేట ప్రాంతం నుంచి ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి సుమారు 14 డిగ్రీలు తిరిగి ఉంటుంది. ప్లానులో ఉత్తర దిక్కు బాణం గుర్తు ఎటు ఉందో చూసి, ముగ్గు పోసేనాడే ఆ గది గీత సరిచేసుకుంటే తరువాత సఫ్‌లు వాలుగా పరుచుకునే ఇబ్బంది ఉండదు.

తరువాతి మాట "సాయిల్ టెస్ట్". నేల ఎంత బరువు మోయగలదో చెప్పే పరీక్ష. ఆ బలాన్ని చదరపు మీటరుకు ఇన్ని టన్నులని రిపోర్టులో రాస్తారు. దాన్ని ఎస్.బి.సి. అంటారు. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. పల్నాడులో చాలాచోట్ల నల్లరేగడి. పత్తికీ మిరపకూ బంగారం లాంటి నేల, ఇంటికి మాత్రం నమ్మరానిది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. వేసవిలో చేలో కాలు దిగేటంత నెర్రెలు మీరు చూసే ఉంటారు. ఆ నేల మీద మూడడుగుల పునాది తవ్వి గోడ లేపితే, నేలతో పాటు గోడ కూడా ఏటా పైకీ కిందికీ ఆడుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. సిమెంటు పూసి రంగు వేస్తారు. మరుసటి వేసవికి అవే పగుళ్లు మళ్లీ కనిపిస్తాయి. అది గోడ రోగం కాదు, నేల రోగం.

దీనికి మందు ఉంది. ఉబ్బి కుంగే పొర దాటి గట్టి నేల తగిలే దాకా పునాది దించాలి. అది మరీ లోతైతే "అండర్ రీమ్డ్ పైల్" వేస్తారు. సన్నగా లోతుగా తవ్విన గొయ్యి అడుగున గంటలా వెడల్పు చేసి కాంక్రీటు నింపే పద్ధతి. రేగడి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీన్ని అభివృద్ధి చేసింది. సాయిల్ టెస్టుకు అయ్యే ఖర్చు భవనం ఖర్చులో చాలా చిన్న వంతు. "మట్టి పరీక్షకు డబ్బెందుకు, మా తాతల నాటి నుంచి చూస్తున్న నేలేగా" అనే పెద్దమనిషి ప్రతి కమిటీలో ఒకరు ఉంటారు. ఆయనకు గౌరవంగా నచ్చజెప్పి పరీక్ష చేయించండి.

గొయ్యి అడుగున పరిచే పలుచని కాంక్రీటును "బెడ్" అంటారు. దాని మీద పిల్లరుకు పాదంలా ఉండేది "ఫుటింగ్". పిల్లర్లన్నిటినీ నేల మట్టంలో కలిపి కట్టే దూలం "ప్లింత్ బీమ్". నేల తేమ గోడలోకి ఎక్కకుండా అడ్డుగా వేసే పొర "డి.పి.సి." పాత ఇళ్లలో గోడ అడుగున ఉప్పు పొంగి, సున్నం రాలడం చూసి ఉంటారు. అది ఈ పొర లేకపోవడం వల్ల.

ఇక్కడ ఒక పేచీ మాట "బేస్‌మెంట్". మన మేస్త్రి "బేస్‌మెంట్ అయింది బాబాయ్, బిల్లు ఇప్పించండి" అంటే నేల నుంచి గదుల గచ్చు మట్టం దాకా కట్టిన అరుగు పూర్తయిందని అర్థం. హైదరాబాదులో ఉండే దాతకు, విదేశంలో ఉండే దాతకు బేస్‌మెంట్ అంటే భూమి లోపల కార్లు పెట్టుకునే అంతస్తు. "మనం హాస్టల్‌కి సెల్లార్ ఎందుకు తవ్వాం" అని ఫోన్ చేస్తారు. రెండూ వేరు. ఎస్టిమేటులో దాన్ని "ప్లింత్" అని రాస్తారు.

ఆ ప్లింత్ ఎత్తు ఎంత అన్నది కూడా అడగండి. రెండు అడుగుల ఎత్తుంటే ముసలివారికి, చక్రాల కుర్చీవారికి ర్యాంపు కావాలి. ర్యాంపు వాలు 1:12 ఉండాలని నియమం. అంటే రెండు అడుగుల ఎత్తుకు 24 అడుగుల పొడవు. స్థలం ముందే వదలకపోతే తరువాత నిటారుగా ఏదో జారుడుబల్ల కట్టి ర్యాంపు అనిపిస్తారు.

నేల పైన మాటలు

కట్టడాలు రెండు రకాలు. గోడలే బరువు మోసేవి, పిల్లర్లు, బీములు బరువు మోసేవి. పాత మసీదులు, మదరసాలు చాలావరకు మొదటి రకం. వాటిలో గోడ అంటే అడ్డు కాదు, పైకప్పును మోసే భుజం. "హాలు ఇరుకుగా ఉంది, మధ్య గోడ తీసేద్దాం" అని దాత డబ్బిస్తానంటాడు, కమిటీ సరేనంటుంది. ఆ గోడ ఏం మోస్తున్నదో ఇంజనీరు చూడకుండా తీస్తే ప్రాణాలకే ముప్పు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన డబ్బు అలాంటి చోట ఖర్చు కాకూడదు.

రెండో రకంలో "జి ప్లస్ వన్", "జి ప్లస్ టూ" అంటారు. నేల అంతస్తు, దాని మీద ఒకటి లేక రెండు అని అర్థం. పైన డాబా మీద పిల్లర్ల నుంచి కడ్డీలు పైకి లేచి ఉంటే ఇంకో అంతస్తు వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ కడ్డీలు సాక్ష్యం కాదు. కింద ఫుటింగ్ ఎన్ని అంతస్తులకు డిజైన్ చేశారన్నదే సాక్ష్యం. అది డ్రాయింగులో ఉంటుంది. కాబట్టి డ్రాయింగులను బిల్లులకంటే భద్రంగా దాచండి. పదేళ్ల తరువాత రెండో అంతస్తుకు డబ్బిచ్చే దాతకు అవే ఆధారం.

తలుపులు, కిటికీల మీద గోడ బరువు ఆనకుండా వేసే అడ్డ దూలం "లింటెల్". పూర్వం ఆ పనిని కమాను చేసేది. 1591 నాటి చార్మినారులో చూసేది ఆ కమానులే. కమానులో రాయి మీద రాయి ఒత్తుకుని బరువును పక్కలకు పంపుతుంది. కాంక్రీటు లింటెల్‌లో ఆ బరువును లోపలి ఇనుము లాగి పట్టుకుంటుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. లాగుడు ఇనుము భరిస్తుంది. స్లాబులో, బీములో ఇనుము ఎక్కడ ఉండాలో అక్కడ లేకపోతే ఎంత ఇనుము పోసినా ప్రయోజనం ఉండదు.

ఇనుమును తూకంలో కొంటాం. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ. కడ్డీ మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల కడ్డీ సుమారు 10.7 కిలోలు. కడ్డీలు లెక్కపెట్టి గుణిస్తే వేబ్రిడ్జి చీటీ సరైనదో కాదో అక్కడే తెలుస్తుంది.

"కవర్" అంటే ఇనుము చుట్టూ ఉండే కాంక్రీటు పొర. స్లాబుకు 20 మి.మీ., పిల్లరుకు 40, ఫుటింగ్‌కు 50 అని భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 456 చెబుతుంది. స్లాబు పోసే ముందు కడ్డీల కింద చిన్న సిమెంటు బిళ్లలు ఉన్నాయా అని చూడండి. వాటిని కవర్ బ్లాకులు అంటారు. లేకపోతే ఇనుము సెంట్రింగ్ రేకు మీదనే పడుకుంటుంది. కొన్నేళ్లకు తుప్పు పట్టి ఉబ్బి, స్లాబు పెచ్చులు పిల్లల తలల మీద రాలతాయి. రూపాయల్లో చూస్తే ఆ బిళ్లల ఖరీదు లెక్కలోకే రాదు.

"ఎం-20" అనే మాట ఎస్టిమేటులో కనిపిస్తుంది. 28 రోజులకు ఆ కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని దాని అర్థం. చేత్తో కలిపే చోట ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పాళ్లు కంకర. అసలు కిటుకు నీళ్లలో ఉంది. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల దగ్గర ఉండాలి. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువుగా జారుతుందని కూలీలు బకెట్ మీద బకెట్ పోస్తారు. వాళ్ల తప్పు కాదు, చెప్పేవాడు లేక. నీళ్లు ఎక్కువైతే అన్నీ సరిగా వేసినా బలం పడిపోతుంది. పోసే రోజున ఆరు అంగుళాల ఘనాలు కొన్ని తీసి ల్యాబుకు పంపడాన్ని "క్యూబ్ టెస్ట్" అంటారు. ఆ రిపోర్టు కమిటీ ఫైలులో ఉండాలి.

పోసిన తరువాతి మాట "క్యూరింగ్". మన మాటలో నీళ్లు పట్టడం. కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని అనుకుంటాం. నిజానికి అది తడిలో ఉండి గట్టిపడుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే పి.పి.సి. సిమెంటుకు కనీసం 10 రోజులు, వేడి ఎక్కువున్న చోట 14 రోజులు తడి ఆరకూడదు. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతా తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పోస్తే మడులు కట్టి నీళ్లు నిలపాలి, పిల్లర్లకు గోనె చుట్టి తడపాలి. అందుకు ఒక మనిషి కూలి, ఒక ట్యాంకర్ నీళ్లు. ఎస్టిమేటులో ఆ ఖర్చు రాయకపోతే ఆ పని జరగదు. "నా పేరు మీద స్లాబుకు సిమెంటు" అని దాతలు రాయిస్తారు. "నా పేరు మీద పద్నాలుగు రోజుల నీళ్లు" అని ఒకరు రాయిస్తే ఆ సిమెంటు ఇచ్చినవారందరి డబ్బునూ ఆయన కాపాడినట్టు.

"సెంట్రింగ్" కర్రలు ఎప్పుడు తీయాలన్నది కూడా దాతకు తెలియాలి. మామూలు ఓ.పి.సి. సిమెంటుతో, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, అంతకుమించితే 14. ఆరు మీటర్ల లోపు బీముకు 14, మించితే 21. పి.పి.సి. అయితే ఇంజనీరు చెప్పినట్టు ఇంకొంచెం ఆగాలి. సెంట్రింగ్ అద్దె పెరుగుతుందని, ప్రారంభోత్సవం తేదీ దగ్గర పడిందని ముందే ఊడదీస్తారు. ప్రారంభోత్సవానికి తేదీ పెట్టేవారు ముందుగా ఈ రోజులు లెక్కపెట్టాలని నా మనవి.

కాగితం మీద మాటలు

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించి. అది మనందరికీ తెలుసు. రాయించమంటే నమ్మకం లేదని కాదు, నమ్మకం నిలవాలని.

"ఎస్టిమేట్" అంటే అంచనా, ధర కాదు. అందులో ఒక్కో పని, ఒక్కో కొలత, ఒక్కో రేటు విడివిడిగా ఉండాలి. "మొత్తం 60 లక్షలు" అని ఒక్క వాక్యం ఉన్న కాగితం ఎస్టిమేటు కాదు. "లేబర్ కాంట్రాక్టు" అంటే సరుకు మనది, పని వాళ్లది. "మెటీరియల్‌తో సహా" అంటే రెండూ వాళ్లవే. అప్పుడు సిమెంటు ఏ రకం, ఇనుము ఏ గ్రేడు అన్నది ఒప్పందంలో ఉండాలి.

"ఎం. బుక్" అంటే కొలతల పుస్తకం. ప్రభుత్వ పనుల్లో ఇది లేకుండా బిల్లు చెల్లదు. చేసిన పనిని కొలిచి, తేదీ వేసి, కొలిచినవారూ కాంట్రాక్టరూ సంతకం పెడతారు. నేలలోకి వెళ్లిపోయేవి, అంటే ఫుటింగ్, ఇనుము, కప్పేయకముందే కొలవాలి. మన సొసైటీ కూడా ఇలాంటి పుస్తకం పెట్టుకోవాలి. ఫోన్‌లో ఫొటో తీసి తేదీతో దాచడం ఈ రోజుల్లో కష్టం కాదు.

"రన్నింగ్ బిల్" అంటే పని జరిగినంత మేరకు ఇచ్చే డబ్బు. ముందే మొత్తం ఇచ్చేయకూడదు, పని చేసినవాణ్ణి నెలల తరబడి తిప్పుకోనూకూడదు. కూలీ చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది మన ధర్మం. "రిటెన్షన్" అంటే బిల్లులో కొంత శాతం ఆపి, లోపాలు లేవని తేలిన తరువాత ఇవ్వడం. ఒక వానాకాలం గడిచాక ఇస్తే డాబా కారుతుందా లేదా తెలుస్తుంది. "ఎక్స్‌ట్రా ఐటమ్" అంటే ఒప్పందంలో లేని అదనపు పని. నోటి మాటతో ఒప్పుకున్న ఎక్స్‌ట్రాల వల్లనే అంచనాలు పెరుగుతాయి. రాతపూర్వకంగా కమిటీ ఒప్పుకోనిదే ఒక్క ఇటుక కూడా అదనంగా పెట్టకూడదు.

నా మనవి

కార్యవర్గానికి మూడు మనవులు. మొదటిది, హాస్టల్ సైటు దగ్గర ఒక బోర్డు పెట్టండి. ప్లింత్ ఏరియా ఎంత, కార్పెట్ ఏరియా ఎంత, ఎన్ని అంతస్తులకు డిజైన్ చేశారు, ఇప్పటిదాకా వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అన్నవి తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి. రెండోది, సాయిల్ టెస్టు, క్యూరింగ్, క్యూబ్ టెస్టు ఈ మూడింటికీ ఎస్టిమేటులో విడిగా పద్దు పెట్టండి. మూడోది, ఎం. బుక్, డ్రాయింగులు ఏ దాత అడిగినా చూపించే ఏర్పాటు చేయండి.

దాతలకు ఒక్కటే మనవి. డబ్బిచ్చి ఊరుకోకండి. అలాగని అనుమానంతో రాకండి. తెలుసుకోవాలని రండి. "మేస్త్రి గారూ, కవర్ బ్లాకులు పెట్టారా? నీళ్లు ఎన్ని రోజులు పడుతున్నారు? ఈ రేటు ఏ ఏరియాకు?" అని మర్యాదగా అడగండి. మంచి మేస్త్రి సంతోషిస్తాడు. తన పని విలువ తెలిసినవాడు వచ్చాడని ఇంకొంచెం శ్రద్ధగా చేస్తాడు. నిజాయితీ గల కమిటీకి మీ ప్రశ్న రక్షణ.

దీన్ని సావనీరులో అచ్చు వేస్తామన్నారు కాబట్టి ఇంట్లో పిల్లలతో చదివించండి. రేపు ఆ హాస్టల్‌లో ఉండి చదువుకునేవాళ్లలో ఒకరు ఇంజనీరై, నేను ఇక్కడ చెప్పలేకపోయినవన్నీ మీకు చెబుతారని ఆశిస్తున్నాను.

మీరిచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక. ఆ కప్పు కింద నిద్రపోయే బిడ్డలకు అది ఎన్నేళ్లయినా నీడనిచ్చుగాక. ఆమీన్.

సెలవు. అస్సలాము అలైకుం.